సర్వర్‌కి బొట్టు పెట్టిన వారం

ఎదురింటి అమ్మాయమ్మ చెప్పిందంట. చెప్పింది నేరుగా జయమ్మాళ్‌కి కాదు, పాలు పోసే మరగతానికి. మరగతం పాలు కొలుస్తా కొలుస్తా దాన్ని తెచ్చి జయమ్మాళ్ చెవిలో వేసింది. సంగతి ఏందంటే, అమ్మాయమ్మ తమ్ముడు ఏదో పనిమీద పుదుచ్చేరి పోయి, జయమ్మాళ్ కూతురు జనని పనిచేసే ఆఫీసు మెట్లెక్కినాడంట. మిగిలినోళ్ళ ముందర కంప్యూటర్లలో రంగురంగుల బొమ్మలు ఆడతా ఉంటే, జనని ముందర మాత్రం నల్లటి తెర, దానిమీద తెల్లటి అక్షరాలు, అంతేనంట. ఆ పిల్ల తలెత్తకుండా టకటకా కొడతా ఉందంట. "కంప్యూటర్ ఇంజనీరని ఊరంతా చెప్పుకుంటిరి. ఆడ చూస్తే టైపు కొట్టే పని. అది కూడా చెడిపోయిన కంప్యూటర్ ఇచ్చి కూర్చోబెట్టినారు" అని అమ్మాయమ్మ తేల్చేసిందంట.

"నేను నమ్మలేదక్కా. అయినా నీకు చెప్పకుంటే నాకు నిద్ర పట్టదు కదా" అని మరగతం చెంబు ఎత్తుకొని పోయింది.

సాయంత్రం ఏంబలం బస్సు దిగి జనని గడపలో కాలు పెట్టీపెట్టకముందే జయమ్మాళ్ అడిగేసింది. "ఏమ్మే, నీకు బొమ్మలుండే కంప్యూటర్ ఇయ్యలేదా వాళ్ళు?"

జనని నవ్వింది. నవ్వి, తిన్నె మీద కూర్చున్న నాయన నవ్వలేదని చూసి ఆపేసింది. ఏలుమలై నాలుగు కాణులు, అంటే ఐదెకరాల పైన, మడి చేసే మనిషి. మాట తక్కువ. ఆ రోజు మాత్రం మాట్లాడినాడు.

"దీపావళికి నువ్వు పనిలో చేరి ఆరు నెలలు. పర్మనెంట్ ఆర్డరు చేతికొస్తే పో, నేను అడ్డం రాను. రాలేదంటే బాహూరులో గురు మామ ఎరువుల అంగట్లో బిల్లులు వేద్దువు. ఆడా కంప్యూటరే ఉండాది."

ఆ కంప్యూటర్‌ని జనని చూసింది. ప్లాస్టిక్ గుడ్డ కప్పి, పక్కన ఊదొత్తి గుచ్చి పెట్టినారు. దాంట్లో రోజంతా కొట్టేది యూరియా, పొటాషు, మళ్ళా యూరియా. జనని కాళ్ళు కడుక్కోను పోయింది.

ఇది 2007 పురటాసిలో, దీపావళికి ముందర నెలలో మాట.

ఆఫీసు పుదుచ్చేరి ముత్యాలపేటలో ఒక మేడమీద. కింద కుట్టుమిషన్లు బాగుచేసే అంగడి, పైన వెబ్‌సైట్లు చేసే అంగడి. యజమాని సుబ్బరాయలు, ఏలుమలైకి దూరపు వరస. పెళ్ళిళ్ళలో ఎదురైతే జనని ఆయన్ని మామా అంటుంది, ఆఫీసులో సార్ అంటుంది. ఈ రెండు పిలుపులు ఒకదానిలో ఒకటి కలవకూడదని ఆయనే మొదటి రోజు చెప్పినాడు. పనిలో పెద్ద దేవరాజన్, కిరుమాంబాక్కం వాడు. ముగ్గురి ఇళ్ళలోనూ తెలుగే. ముగ్గురికీ తెలుగు చదవను రాదు. రాసుకునేదంతా అరవం, లేకుంటే ఇంగ్లీషు.

జనని నోటుపుస్తకం కూడా అట్నే, సగం అరవం, సగం ఇంగ్లీషు. దేవరాజన్ చెప్పిన చిట్కాలన్నీ అందులో ఉండాయి. ఆజ్ఞ కొట్టే ముందర యాడ నిలబడి ఉండావో చూసుకో. ఫైళ్ళు తుడిచే ముందర, అదే పేరుతో జాబితా తీసి చూసుకో, ఆ జాబితాలో ఏది కనిపిస్తే అదే పోతుంది. పొడుగు పేర్లు వేళ్ళు నొప్పిపుట్టేలా కొట్టద్దు, రెండక్షరాలు కొట్టి ట్యాబ్ నొక్కు, మిగిలింది అదే నింపుకుంటుంది. నిన్న కొట్టిన ఆజ్ఞ మళ్ళా కావాలంటే పైబాణం నొక్కు. సర్వర్ అంటే ఆఫీసులో బల్లకింద ఉండే లినక్స్ డబ్బా. దానికి తెర లేదు, మౌసు లేదు. జనని తన మిషన్‌లోంచి దాంట్లోకి పోయి ఫైలు అక్కడనే దిద్దుతుంది. అందుకే ఆ నల్ల తెర. దేవరాజన్ పాత మనిషి, తెరమీద కిటికీ తెరిచి ఫైలుని ఒకవైపునించి ఇంకోవైపుకి మౌసుతో లాగి పెడతాడు. జనని లాగదు. ఒక్క మాట కొడుతుంది.

ఆ మాట 'పంపు'. అది దేవరాజన్ చేసిపెట్టిన అడ్డదారి. దాని వెనకాల పెద్ద ఆజ్ఞ ఒకటి దాగి ఉంటుంది. ఆఫీసు డబ్బాలో మారిన ఫైళ్ళనే ఏరి ఇంటర్నెట్‌లో ఉండే అసలు సైటుకి పంపే ఆర్‌సింక్. ఎండాకాలంలో ఒకసారి, దేవరాజన్ అసలు సైటు మీదనే నేరుగా ఏదో దిద్దితే, జనని కొట్టిన 'పంపు' దాన్ని తుడిచేసింది. ఆ రోజు వాడు ఇంత ఎత్తు ఎగిరి, ఆజ్ఞలో మైనస్ యూ అని ఒకటి చేర్చినాడు. "ఇంక భయం లే. అక్కడ ఉండేది కొత్తదైతే దాన్ని ముట్టుకోదు. మనది కొత్తదైతేనే పోతుంది" అన్నాడు. జనని దాన్ని కూడా రాసుకునింది. రాసుకున్నాక మరిచిపోయింది. అడ్డదారి పెట్టుకుంటే వచ్చే చిక్కు అదే. రోజూ నడిచే దారిలో లోపల ఏముందో ఎవరూ తొంగి చూడరు.

కిరుమాంబాక్కంలో కడలూరు రోడ్డు మీద త్యాగరాజన్ అని ఒకాయనకి కల్యాణ మండపం ఉంది. ఆయన సైటు జనని చేతిలో. ముహూర్తాల పట్టిక ఒకటి, ఖాళీగా ఉంటే పచ్చ, పట్టేసినదైతే ఎరుపు. ఆయన ఫోను చేసి తేదీ చెప్తాడు, జనని రంగు మార్చి 'పంపు' కొడుతుంది. అంతే పని. ఆ ఐదున్నర నెలల్లో ఒక్క తేదీ తప్పలేదు. సుబ్బరాయలు ఒకరోజు ఆ పట్టిక చూసి "దీపావళికి ఆర్డరు టైపు చేయిస్తాలే" అన్నాడు కూడా.

ఆ శనివారం ఆయుధపూజ వచ్చింది.

కింద కుట్టుమిషన్లకి, పైన కంప్యూటర్లకి ఒకే అయ్యరు. కీబోర్డులన్నీ వరసగా తట్టల్లో పేర్చినారు. మానిటర్లకి విభూది పట్టెలు, మధ్యలో చందనం, దానిమీద కుంకుమ. మౌసులకి ఒక్కొక్క చేమంతి. బొరుగులు, బెల్లం, ఉడకబెట్టిన శనగలు. వాకిట్లో బూడిదగుమ్మడికాయ కొట్టినారు, దాని ముక్క మీద దేవరాజన్ బండి జారబోయి నిలబడింది. అందరూ మిషన్లు ఆపేసి చేతులు కట్టుకొని నిలబడినారు. బల్లకింద సర్వర్ ఒక్కటే బర్రుమంటా ఉంది.

"అదేంది, ఆడతానే ఉండాది?" అన్నాడు సుబ్బరాయలు.

"సర్వర్ సార్. ఆపం" అన్నాడు దేవరాజన్.

"ఏడాదికొక దినం. మడక ఆపుతాం, కొడవలి ఆపుతాం. దీనికి మాత్రం ఏం పాపం పట్టింది? ఆపయ్యా."

"పోయిన సంవత్సరం ఆపలేదు సార్."

"పోయిన సంవత్సరం నేను మా అత్తగారింట్లో ఉంటిని. ఇప్పుడు కళ్ళారా చూస్తా ఉండాను కదా."

దేవరాజన్ పద్ధతిగానే ఆపినాడు. అందులో వంక పెట్టేదేం లేదు. ఆపినాక సుబ్బరాయలు వైరు కూడా పీకించినాడు. డబ్బా నుదుట బొట్టు పెట్టి, పైన పూలు వేసి, వెళ్ళి బొరుగులు పంచినారు. ఆదివారం విజయదశమికి పూజ ఎత్తి తలా ఒక కీబోర్డు మీద 'ఓం' కొట్టినారు. సర్వర్‌ని తట్టిలేపేది ఎవరికీ గుర్తుకు రాలేదు. సోమవారం పొద్దున జనని వచ్చి వైరు గుచ్చి, మీట నొక్కింది. డబ్బా బర్రుమనింది. చందనం ఎండి రాలింది. అంతా మామూలే.

ఆ రోజే త్యాగరాజన్ ఫోను చేసినాడు. దీపావళి దాటినాక వచ్చే మొదటి ముహూర్తం విల్లియనూరు వాళ్ళు పట్టుకున్నారు, ఎరుపు వెయ్యమన్నాడు. జనని ఫైలు తెరిచి, రంగు మార్చి, మూసి, 'పంపు' కొట్టింది. చివరి వరస ఎప్పటిలాగానే వచ్చింది, ఇన్ని పంపినాం, ఇన్ని అందుకున్నాం అని. పైన ఫైలు పేరు ఒకటి కనిపించాల. రోజూ కనిపించేదే. ఆ రోజు లేదు. లేదని జనని చూడలేదు. రోజూ ఉండేదాన్ని మనిషి వెతకడు కదా.

గురువారం మధ్యాన్నం కడలూరు నుంచి రెండు వ్యానుల్లో జనం కిరుమాంబాక్కం మండపం ముందర దిగినారు. చెన్నైలో ఉండే వాళ్ళ పిల్లోడు ఇంటర్నెట్‌లో చూసినాడంట, పచ్చగా ఉందంట, మంచిరోజని తాంబూలం తట్టతోనే వచ్చేసినారు. లోపల విల్లియనూరు వాళ్ళు వంటగది పొయ్యిలు లెక్కపెట్టుకుంటా ఉండారు. ఒకే ముహూర్తానికి రెండు పెళ్ళివారు, మధ్యలో త్యాగరాజన్. ఆడవాళ్ళు తగవు మొదలుపెట్టినారు, మగవాళ్ళు ముగించలేకపోయినారు. పూలతట్ట ఒకటి బోర్లా పడింది. పెళ్ళికి ముందరే తట్ట బోర్లాపడితే ఎంత మాట! కడలూరు పెద్దావిడ నేలమీద కూర్చొని ఏడ్చిందంట.

శుక్రవారం పొద్దున పది గంటలకి త్యాగరాజన్ మేడ మెట్లెక్కినాడు. చెప్పులు విప్పలేదు.

"ఎవురయ్యా నా పట్టిక చూసేది?"

"నేనండీ" అనింది జనని.

"సోమవారం చెప్తినా లేదా?"

"చెప్పినారు. నేను మార్చినాను. పంపినాను."

"మరి కంప్యూటర్‌లో పచ్చగా ఎట్టుంది? దానంతట అది ఆకుపచ్చ చీర కట్టుకునిందా?"

దేవరాజన్ తన మిషన్‌లో సైటు తెరిచినాడు. పచ్చగానే ఉంది. సుబ్బరాయలు జనని వైపు చూసినాడు. దేవరాజన్ గొంతు సవరించుకొని, "పంపు కొట్టడం మరిచిపోయింటుంది సార్. ఒక్కోసారి అవుతుంది" అన్నాడు. మెత్తగానే అన్నాడు.

"కొట్టినాను, అన్నా" అని జనని పాత ఆజ్ఞల జాబితా తీసింది. 'పంపు' అని ఉంది. పక్కన తేదీ లేదు. అది సోమవారం కొట్టిందో, పోయిన నెల కొట్టిందో ఆ జాబితా చెప్పదు.

త్యాగరాజన్‌కి ఇవేం పట్టలేదు. "నాకు కాయితం కావాల. తప్పు ఫలానా మనిషిది అని రాసి సంతకం పెట్టి ఇయ్యండి. కడలూరు వాళ్ళ ముందర నేను దాన్ని పెట్టాల. నాలుగు గంటలకి వస్తా" అని దిగిపోయినాడు.

సుబ్బరాయలు గంటసేపు తన బల్ల దగ్గర కూర్చొని ఏదో టైపు చేసినాడు. తరవాత జననిని తన బల్ల దగ్గరికి పిలిచినాడు. టైపు చేసిన కాయితం ముందుకి జరిపినాడు. 'నేను, ఇ. జనని, నా అజాగ్రత్త వల్ల అప్‌లోడ్ చేయడం మరిచిపోయితిని' అని ఇంగ్లీషులో నాలుగు వరసలు.

"సంతకం పెట్టు. ఇది నీ పని రికార్డుగా నా బీరువాలోకి రాదు, ఆయన చేతికే పోతుంది. దీపావళికి నీ ఆర్డరు నీకు ఇస్తా. మాట తప్పను."

"పెట్టకుంటే సార్?"

"పెట్టకుంటే ఆయన మనల్ని వదిలేస్తాడు. ఆయన వెనకాల ఇంకో మూడు మండపాలు పోతాయి. అప్పుడు నీకు ఆర్డరు ఇచ్చి నేను ఏం పని చేయించేది? మీ నాయనకి నేనే ఫోను చేసి చెప్పాల్సి వస్తుంది." గొంతు తగ్గించి, "సంతకం పెట్టేస్తే అందరికీ మంచిది పాపా" అన్నాడు. ఆఫీసులో ఆయన పాపా అనడం అదే మొదలు.

నాలుగు దాకా ఆలోచించుకుంటానని జనని లేచింది.

అన్నం డబ్బా తెరవలేదు. నల్ల తెర ముందర కూర్చొని, నోటుపుస్తకం మొదటి పేజీ నుంచి ఒక్కొక్క చిట్కా కొట్టుకుంటా వచ్చింది. యాడ నిలబడి ఉండాను? సరైన చోటే. ఏ ఫైళ్ళు ఉండాయి? అన్నీ ఉండాయి. ఫైలు లోపల చూసింది, ఎరుపే ఉంది. అంటే మార్చిన మాట నిజం. మళ్ళా 'పంపు' కొట్టింది. ఈసారి కళ్ళు పైవరసల మీద పెట్టి. పేరు రాలేదు. ఇంకోసారి కొట్టింది. రాలేదు. 'పంపు' ఆ ఫైలుని చూసి, నాకొద్దు ఫో అంటా ఉంది.

అప్పుడు పొడుగు జాబితా తీసింది. ఫైలు పేరు, దాని పక్కన ఎప్పుడు మార్చినారో తేదీ. మండపం పట్టిక పక్కన 'జనవరి 1, 2000' అని ఉంది.

జనని రెండుసార్లు చదివింది. తరవాత, ఇవ్వాళ తేదీ ఏందని సర్వర్‌నే అడిగింది. 2000వ సంవత్సరం, జనవరి ఐదో తేదీ అని చెప్పిందది, ఏమాత్రం తడబడకుండా.

ఇంక విప్పుకోవడం కష్టం కాలేదు. శనివారం వైరు పీకినారు. వైరు లేనప్పుడు లోపలి గడియారాన్ని నడిపేది రూపాయి బిళ్ళంత బ్యాటరీ. అది చచ్చిపోయి ఉంది. సోమవారం లేచిన డబ్బాకి తాను ఏ సంవత్సరంలో ఉందో తెలియక మొదటికి పోయింది. జనని దిద్దిన ఫైలు మీద ఏడేళ్ళ కిందటి ముద్ర పడింది. మైనస్ యూ దాన్ని చూసి, అసలు సైటులో ఉండేదే కొత్తది, ఇది పాతది అని వదిలేసింది. మౌసుతో లాగే దేవరాజన్‌కి ఇది తగల్లేదు. వారమంతా 'పంపు' కొట్టింది జనని ఒక్కతే.

పోయి దేవరాజన్ బల్ల దగ్గర నిలబడింది. "అన్నా, సర్వర్ తేదీ చూసినావా?"

వాడు ఆమె మొహం చూసి, తెర చూసి, "2000 చూపిస్తా ఉందా?" అన్నాడు.

"నీకెట్ట తెలుసు?"

"మేలో ఒకసారి కరెంటు పోయి యూపీఎస్ కూడా పడిపోయింది కదా. అప్పుడూ ఇట్నే పోయింది. నేనే చేత్తో తేదీ సరిచేసినా. బ్యాటరీ మార్చాల అనుకుంటిని." పెన్ను మూత తీసి మళ్ళా పెట్టినాడు. "సార్ దగ్గర నా పేరు తియ్యద్దు మా. నాకు ఇద్దరు పిల్లలు."

జనని తన బల్ల దగ్గరికి పోయింది. రెండు జాబితాలూ అచ్చు తీసింది, ఆఫీసు డబ్బాదీ, అసలు సైటుదీ. తేదీల కింద ఎర్ర పెన్నుతో గీతలు గీసింది. తరవాత సర్వర్ గడియారం సరిచేసి, ఫైలుని ఒకసారి తెరిచి, మళ్ళా సేవ్ చేసి మూసి 'పంపు' కొట్టింది. ఈసారి పైవరసలో పేరు వచ్చింది. సైటు తెరిచి కళ్ళతో కూడా చూసుకునింది. ఎరుపు. సోమవారం ఈ చూసుకునే పని ఒక్కటి చేసి ఉంటే ఆ పూలతట్ట బోర్లా పడి ఉండేది కాదు. ఆ సంగతి తనకి తాను చెప్పుకోవడానికి జననికి ఎవరి సాయమూ అక్కర్లేకపోయింది.

త్యాగరాజన్ నాలుగుకి ఐదు నిమిషాలు ముందరే వచ్చినాడు. ఈసారి చెప్పులు విప్పినాడు. సుబ్బరాయలు కాఫీ తెప్పించి, "పాప సంతకం పెడుతుంది" అని కాయితం, పెన్ను బల్లమీద పెట్టినాడు. జనని దాని పక్కన తన అచ్చు కాయితాలు పెట్టింది.

"ఒకసారి ఇది చూడండి సార్. పంపినాను. సైటులో చూసుకోలేదు, అది నా తప్పే. అట్ట రాస్తే సంతకం పెడతాను. మరిచిపోయినానని రాస్తే అబద్ధం. పూజ దినం వైరు పీకినాక సర్వర్ గడియారం 2000కి పోయింది. దానివల్ల పోలేదు."

సుబ్బరాయలు కాయితం ఎత్తుకొని దూరంగా పెట్టి చూసినాడు. "అంటే పూజ చేసింది తప్పంటావా?"

"పూజ అనలేదు సార్. వైరు అన్నాను."

త్యాగరాజన్ ఇద్దర్నీ మార్చి మార్చి చూసినాడు. "మీరు వైరు పీకినారా పూజకి?"

"ఆయుధం కదయ్యా. ఒకరోజు విడుపు ఇయ్యద్దా?"

"మా మండపంలో కూడా చేస్తాం. జనరేటర్‌కి బొట్టు పెడతాం, కరెంటు మీటర్‌కి బొట్టు పెడతాం. మెయిన్ ఆపం."

దేవరాజన్ తన తెరలోకి తల ఇంకొంచెం దూర్చినాడు. సుబ్బరాయలు కాఫీ లోటా తిప్పి తిప్పి పెట్టినాడు. తరవాత తేరుకున్నాడు. బేరం తెలిసిన మనిషి.

"సరే. ఉన్నమాటే అనుకో. కడలూరు పెద్దావిడ దగ్గరికి పోయి, అమ్మా, మా డబ్బా ఏడేళ్ళు వెనక్కి పోయింది అంటే ఆమె ఏమంటుంది? ఎగతాళి చేస్తా ఉండావా అంటుంది. చిన్నపిల్ల మరిచిపోయింది అంటే ఎవరైనా నమ్ముతారు. అవునా కాదా, త్యాగరాజన్?"

త్యాగరాజన్ గడ్డం గోక్కున్నాడు. "అదీ నిజమే. నాకు ఎవరిదో ఒకరి పేరుంటే చాలు. పాప మీద నాకు ఇప్పుడు కోపం లే. ఉత్త కాయితమే కదమ్మా, పెట్టెయ్."

"అదే నేను చెప్తా ఉండేది" అన్నాడు సుబ్బరాయలు. "దేవరాజా, నువ్వైనా చెప్పు."

దేవరాజన్ కుర్చీ తిప్పలేదు. "పెట్టెయ్ మా. రెండు దినాలు పోతే ఎవరికీ గుర్తుండదు" అన్నాడు తెరతోనే మాట్లాడినట్టు.

సుబ్బరాయలు పెన్ను మూత తీసి, ములుకు తనవైపు ఉండేలా పట్టుకొని, మర్యాదగా జనని ముందర చాపినాడు. కింద అంగట్లో ఎవరో మిషను తొక్కి చూస్తా ఉండారు, ఆగి ఆగి ఆ చప్పుడు పైకి వస్తా ఉంది. జనని నాయన మాట తలుచుకునింది. బాహూరు అంగట్లో ప్లాస్టిక్ గుడ్డ కింద ఉండే కంప్యూటర్‌ని తలుచుకునింది. ఈ కాయితం మడత పెట్టుకొని త్యాగరాజన్ కిరుమాంబాక్కం నుంచి కడలూరు దాకా పోయే దారిని కూడా తలుచుకునింది. ఆ దారిలో అందరూ అందరికీ చుట్టాలే. పెన్ను తీసుకొని, దాని మూత కూడా ఆయన చేతిలోంచి తీసుకొని, పెన్నుకి పెట్టి బల్లమీద పడుకోబెట్టింది.

"దీనిమీద సంతకం పెట్టను సార్. సోమవారం తొమ్మిదికి పనికి వస్తాను. రావద్దంటే ముగ్గురిలో ఎవరైనా సరే, ఇప్పుడే నా మొహం చూసి చెప్పండి."